గొట్టానికి సరిపడే గుండు కోసం రంగూను

రంగూను వెళ్లొచ్చినవాళ్లు బంగారు పగోడా గురించి చెబుతారు, లేకపోతే తెచ్చుకున్న సొమ్ము గురించి చెబుతారు. నేను వెళ్లింది సీసపు గుండ్ల కోసం. ఈ మాట వినగానే తాలూకా కచేరీ గుమాస్తా దగ్గర్నుంచి ఓడలో తోటి ప్రయాణికుల దాకా అందరూ నన్ను ఎగాదిగా చూశారు. అందుకని ఆ గుండ్ల సంగతి ముందు చెప్పి, తర్వాత మిమ్మల్ని ఓడెక్కిస్తాను. నాకు కోపం త్వరగా వస్తుంది. ఈ రాతలో అది దాచుకోలేదు.

మాది విశాఖపట్నం జిల్లాలో మన్యం అంచున ఉన్న ఊరు. కొండ దిగగానే మా చెరుకు తోట. రాత్రయితే అడవి పందులు దిగి, తిన్నంత తిని, తిననిది తొక్కి పోతాయి. పంట కాపుదలకు సర్కారు లైసెన్సు ఇచ్చిన తుపాకి ఒకటి మా ఇంట్లో ఉంది. మా తాత పల్టనులో సిపాయి. పల్టనుకు కొత్త తుపాకులు వచ్చాక పాతవి వేలం వేస్తే ఆయన కొన్నది అది. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి పేల్చాలి. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దీని గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని గిర్రున తిరుగుతూ బయటికొస్తే తిన్నగా పోతుంది. వదులుగా ఉంటే ఎటు పోతుందో దానికే తెలియదు.

గుండ్లు మద్రాసులో ఒక కొట్టు నుంచి రైలు మీద వచ్చేవి. ఒక్కొక్కటి బొటనవేలి కొసంత ఉంటుంది, చుట్టూ జిడ్డు కాగితం ఉంటుంది. ఆ పెట్టె రాగానే మా మేనత్త చిట్టెమ్మ దాన్ని పెరట్లోనే ఆపేసేది. పూర్వం సిపాయిలు తిరగబడ్డది తూటా కాగితానికి ఆవు కొవ్వు రాశారనే గదా. తాత ఆ కథ చెప్పి, ఆ కాగితం ఇంట్లోకి రానివ్వొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాడు. ఆవిడ కర్రపుల్లతో కాగితం ఊడదీసి పెంటలో పారేసి, గుండ్లను చింతపండు పెట్టి తళతళా తోమి, పసుపునీళ్లు చల్లి, దేవుడి గూట్లో పెట్టిన తర్వాతే మేం ముట్టుకోవాలి. పంది కొవ్వయితే మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. పంది కోసమే గదా తుపాకి. అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్నీ పెంచిన మనిషి ఆవిడ. ఆవిడ మాటకు మా ఇంట్లో ఎదురు లేదు.

అంతవరకూ తుపాకి చప్పుడుకే పందులు పారిపోయేవి, గురి సంగతి ఎవరూ చూడలేదు. కిందటేడు చెరుకు నరికే రోజుల్లో మా తమ్ముడు సన్యాసి, తోట కాపలా గంగన్న కలిసి మంచె దిగి పందిని అడ్డగించారు. మా అరుగు మీంచి వీధి అవతలి అరుగంత దూరం. సన్యాసి పేల్చాడు. గుండు తగల్లేదు. పంది గంగన్న మీద పడింది. మర్నాటికి గంగన్న పోయాడు.

ఊరంతా ఒకే మాట: సన్యాసి చేతులు వణికాయి. మునసబు రచ్చబండ దగ్గర పదిమందిలో ఆ మాట అని నవ్వాడు కూడా. సన్యాసి మళ్లీ తుపాకి ముట్టుకోలేదు. గంగన్న పెళ్లాం ఎదురొస్తే సందు మారిపోయేవాడు. అన్నం దగ్గర కూడా తలెత్తేవాడు కాదు.

నేను ఒక చెక్క పలక నిలబెట్టి, దగ్గర్నుంచే కాల్చి చూశాను. చిల్లు గుండ్రంగా పడలేదు. గుండు అడ్డంగా పడుకుని దూరినట్టు పొడుగ్గా పడింది. రెండోది పలకకే తగల్లేదు. గుండును మూతిలో వేస్తే గలగలమంటూ అడుగుకు జారిపోయింది. గొట్టం పెద్దది, గుండు చిన్నది. సన్యాసికి చెప్తే, "నన్నోదార్సడానికి సెప్తన్నావన్నయ్యా" అని లేచి పోయాడు.

మద్రాసు కొట్టుకు ఘాటుగా ఉత్తరం రాశాను. పుస్తకం ప్రకారం మా గుండు సరిగ్గానే ఉంది, మీ తుపాకే అరిగిపోయింది, కొత్తది కొనుక్కోండి అని జవాబిచ్చారు. ఒక మనిషి చచ్చిపోయాడని రాస్తే, కొత్త తుపాకుల ధరల పట్టీ పంపారు! ఆ పట్టీని నేను అక్కడికక్కడే పొయ్యిలో పెట్టాను.

రంగూను రేవులో మేస్త్రీగా ఉన్న మా అక్క మొగుడు అప్పలసూరి, ఇక్కడ దొరకని గుండు లేదు, వచ్చి వెతుక్కో అని కబురు పెట్టాడు. తుపాకి సముద్రం దాటించడానికి సర్కారు ఒప్పుకోలేదు. మా ఊరి కంసాలి గొట్టం అడుగున ఉన్న మర ఊడదీసి, మెత్తని సీసపు ముద్దను గొట్టం ఈ చివర నుంచి ఆ చివరికి కూరి తీసి ఇచ్చాడు. దాని మీద గాడులన్నీ అచ్చు పడ్డాయి. ఆ ముద్దే నా కొలత. దాంతోపాటు, సరిపడనిది ఎలా ఉంటుందో చూపించడానికి రెండు మద్రాసు గుండ్లు. వాటిని అత్త పసుపుగుడ్డలో కట్టి బొట్టు పెట్టి ఇచ్చింది.

ఓడ మీద

విశాఖపట్నంలో ఓడెక్కించే ముందే డెక్కు టికెట్టు వాళ్లందర్నీ వరసగా నిలబెట్టి టీకాలు గీశారు, మూటలు విప్పించి ఆవిరి పట్టారు. పై తరగతి వాళ్ల జోలికి ఎవరూ పోలేదు. మశూచికం టికెట్టు చూసుకుని పట్టుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అదే మాట అడిగితే, వెనక్కి పోతావా అన్నాడు టీకాలవాడు. నా వెనక ఉన్నవాళ్లు నన్ను ముందుకు నెట్టారు.

డెక్కు మీద చాప పరిచినంత మేర మన రాజ్యం. నా చాప పక్కన టెక్కలి వైపు మనిషి ఒకడు, ఎన్నోసారో రంగూను పోతున్నాడు. గాలి ఎటు వీస్తే తల ఎటు పెట్టాలో, వాంతి రాకుండా ఏం నమలాలో అతనే నేర్పాడు. నా మూటలో చద్దన్నం అయిపోతే తన ఆవకాయా అటుకులూ పెట్టాడు. ఎందుకు వెళుతున్నావని అడిగితే చెప్పాను. చాలాసేపు నవ్వాడు.

"గుండ్ల కోసరం రంగం ఎల్తన్నావేటి బావూ! మేవందరం బువ్వ కోసరం ఎల్తన్నాం."

నాకు సిగ్గేసింది. గంగన్న సంగతి చెప్పాను. అతను నవ్వు ఆపి, "మరైతే నీది సిన్న పని కాదు" అని, అటుకుల్లో ఇంకో గుప్పెడు వేశాడు. అక్కడ తెలుగువాడు కనిపిస్తే కోరంగీ అంటారనీ, ఉలిక్కిపడొద్దనీ కూడా చెప్పాడు. ఎప్పుడో కోరంగి రేవులో ఓడలెక్కినవాళ్లు ఉంటే ఉన్నారేమో. మా ఊళ్లో కోరంగిని కళ్లతో చూసినవాడు ఒక్కడు లేడు. ఒక రేవు పేరు తీసుకొచ్చి లక్షణమైన జనం నెత్తిన తిట్టులాగా రుద్దడం ఏం మర్యాదో నాకు బోధపడలేదు. దిగాక మొదటి వీధిలోనే ఒకడు నన్ను అలా పిలిచాడు, నేను ఉలిక్కిపడ్డాను.

రేవులో సీసం ముక్క

సుంకం బల్ల దగ్గర ఒక అధికారి నా మూట విప్పించాడు. పసుపుగుడ్డ చూసి, దేవుడా అని అడిగాడు. ఔననీ కాదనీ నేను చెప్పేలోగా చేతులు వెనక్కి తీసుకుని, దాన్ని నాచేతే పక్కన పెట్టించాడు. నిజం గుండ్లు అలా గౌరవంగా దాటిపోయాయి. తర్వాత సీసపు ముద్ద చేతికి తీసుకుని, ఇది తూటా అన్నాడు.

తూటా కాదయ్యా, తూటా ఎంత ఉండాలో చెప్పే కొలత అని వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఖర్చు పెట్టాను. కచేరీ వాళ్లిచ్చిన అనుమతి కాగితం చూపిస్తే తలకిందులుగా పట్టుకుని చూశాడు. "దీన్ని తుపాకిలో పెడతారా లేదా?" అని అడిగాడు. పెట్టి తీశామన్నాను. "అయితే తూటాయే" అన్నాడు. ఆ లెక్కన తుపాకి తుడిచే గుడ్డపీలిక కూడా తూటాయే అని నేను అరిచాను. వెనక జనం పెరిగిపోతున్నారు. చివరికి అతనికే విసుగొచ్చి, ముద్దను నా మీదికి విసిరేశాడు. అది బల్ల మీంచి దొర్లి, చెక్కల మీద దొర్లి, నీళ్ల వైపు పోతుంటే మూట మోస్తున్న కూలీ ఒకడు కాలు అడ్డం పెట్టాడు.

"ఇదిగో బావూ, నీ సీసం. గట్టిగా అట్టుకో, నీల్లల్లో పడిపోను."

పరాయి దేశంలో నాతో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి అతనే. బరువు తలమీద ఉండగానే మాట్లాడాడు. అంతలోకి అప్పలసూరి బావ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఏటి బావా, ఓడ దిగీ దిగకుండానే తగువేటి? ఈ ఊర్లో కోపం తెచ్చుకోడం మొదలెడితే పొద్దు సాలదు."

బోటాటౌంగ్

బావ గది బోటాటౌంగ్‌లో గిడ్డంగుల వెనక ఉంది. గది అనడం మర్యాద కోసం. ఒక జట్టు పగలు పనికి పోతే ఇంకో జట్టు పడుకుంటుంది; చాపకు విశ్రాంతి లేదు. ఆ రేవులో బియ్యం బస్తా ప్రతిదీ మనవాళ్ల వీపు మీదుగానే ఓడెక్కుతుంది. అలాంటి ఊళ్లో మనవాడికి కాళ్లు చాపుకునే చోటు లేదు. ఈ సంగతి ఊళ్లోకి డబ్బు పంపేవాళ్లు ఎవరూ రాయరు. బావ కూడా మా అక్కకు ఎన్నడూ రాయలేదు. "రాస్తే ఏటవుద్ది? ఏడుస్తాది" అన్నాడు.

తిండి మాత్రం బాగుంది. పొద్దున్నే వీధి మొగలో ఒక బర్మా ఆవిడ కావిడిలో పొయ్యితో సహా మొహింగా తెచ్చి అమ్ముతుంది. చేపల పులుసులో బియ్యపు సేమియా వేసి, పైన కరకరలాడే పకోడీ నలిపి ఇస్తుంది. అణాకు కడుపు నిండుతుంది. ఙపి అని ముద్దగా ఊరవేసిన చేపలు ఉంటాయి; ఆ వాసనకు మొదటి రోజు బయటికి పరుగెత్తాను. మన ఎండు రొయ్యలు కాలుస్తుంటే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అప్పుడు తెలిసింది. కొట్ల మీద అంతా ఆడవాళ్లే. చుట్ట నోట పెట్టుకుని, బేరం కుదరకపోతే మొహం మీదే పొమ్మంటారు. మొగుళ్లు వెనకాల పిల్లల్ని ఎత్తుకుని ఉంటారు. మా అత్త ఈ ఊళ్లో పుట్టుంటే నాలుగు కొట్లు పెట్టేదనిపించింది.

పెద్ద వీధిలో తుపాకుల కొట్టు

కొట్టుకు పోవడానికి బావ నన్ను రిక్షా ఎక్కించాడు. అక్కడ దాన్ని లాంచా అంటారు, మనిషి లాగుతాడు. కాస్త దూరం పోయాక లాగేవాణ్ని ఏ ఊరని అడిగితే పాతపట్నం అన్నాడు. ఇంక నేను కూర్చోలేకపోయాను. ఆపించి దిగి పక్కన నడుస్తానన్నాను.

"దిగిపోతే నాకు కూలెవులిస్తారు?"

మొత్తం కూలీ ఇస్తానన్నాను. వాడికి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"నడిసినోడి కాడ డబ్బు తీసుకోడానికి నాను ముస్టోడినేటి? ఎక్కి కూకో బావూ. జాలి అక్కర్లేదు, బేరం కావాల."

ఎక్కి కూర్చున్నాను. దారంతా వాడి వీపు వైపు చూడలేక ఆకాశం చూస్తూ పోయాను.

అద్దాల కొట్టు. గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పాను. కోటు వేసుకున్న గుమాస్తా, మన దేశం వాడే, నన్ను కూలీ అనుకుని వెనక గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. గుడికీ ఇంటికీ చెప్పులు విప్పడం మనకు మర్యాద. బర్మా వాళ్లకూ అంతే. బూట్లతో పగోడా ఎక్కేవాళ్ల మీద ఆ ఊరంతా మండిపడుతోంది. ఆ కొట్లో మాత్రం చెప్పులు విప్పినవాడు మనిషి కాడు. బయటికెళ్లి చెప్పులు తొడుక్కుని మళ్లీ వచ్చి, ముందు గుమ్మం లోంచే, అదే గుమాస్తా ఎదుట నిలబడ్డాను.

తుపాకి రకం చెబితే లావుపాటి పుస్తకం తీసి, వేలు పెట్టి, పెట్టె దించాడు. జిడ్డు కాగితం చుట్టిన గుండ్లు. అచ్చం మద్రాసువే. నేను ఒకటి తీసుకుని, ఇంట్లో చూసిన అలవాటు కొద్దీ గోటితో కాగితం చరచరా ఊడదీసి, నా సీసపు ముద్ద పక్కన పెట్టి చూశాను. చిన్నది. చూడండి ఎంత తేడానో అన్నాను.

"కాగితం ఎందుకు చింపారు? చింపిన సరుకు ఎవరు కొంటారు?" అని గుమాస్తా కేక పెట్టాడు.

నేను గుండు కొలత మాట్లాడుతుంటే, వాడు పైన చుట్టిన కాగితం గురించి ఏడుస్తున్నాడు! పుస్తకంలో ఉన్న తుపాకికి గుండు అక్కర్లేదు, మా ఇంట్లో ఉన్న తుపాకికి కావాలి అన్నాను. పుస్తకం తప్పు కాదన్నాడు. మనిషి చచ్చిపోయాడన్నాను. ఆ గుండు ఖరీదు ఇచ్చి వెళ్లమన్నాడు. ఇచ్చి వచ్చేశాను. ఆ కోపం సాయంత్రం దాకా దిగలేదు.

తామ్వేలో పోత

మర్నాడు బావ నన్ను తామ్వే పేటలో పోలయ్య దగ్గరికి తీసుకెళ్లాడు. భీమిలి మనిషి, వలలకు కట్టే సీసపు గుండ్లు పోత పోస్తాడు. మాటలు కోటలు దాటుతాయి. "ఏనుగుకి గజ్జెలైనా పోత్తాను" అన్నాడు. నా ముద్దను అటూ ఇటూ తిప్పి, మెత్తని బలపపు రాయిని రెండు బద్దలుగా చెక్కి, సరిగ్గా ఆ లావుకు అచ్చు తయారు చేశాడు. కరిగిన సీసం పోసి, చల్లారాక బద్దలు విప్పి ఒక్కొక్కటే రాలుస్తుంటే చూడముచ్చటగా ఉంది. ముద్ద పక్కన పెడితే వెంట్రుకంత తేడా లేదు. రెండు దేశాల కొట్లవాళ్లు చెయ్యలేనిది వలగుండ్ల పోలయ్య చేశాడని నేను వీధంతా వినబడేలా పొగిడాను. పోలయ్య నాకంటే గట్టిగా పొగుడుకున్నాడు.

మూట కట్టుకుంటుంటే బావ అన్నాడు: "పేల్సి సూడకుండా సముద్రం దాటిత్తావేటి? ఊరవతల మింగళాడోన్‌లో నాకు తెలిసిన ముసలాయనున్నాడు. అడివి శాఖలో పెద్ద ఉద్యోగం సేసి దిగినాడు. గోడకి ఇలాటి తుపాకే ఉంది."

మింగళాడోన్

ఆ ముసలాయన పేరు ఊ టున్, ఆయనది టేకు ఇల్లు. ఆయన గొప్ప వేటగాడు, ఆ సంగతి ఆయనే చెబుతాడు. భార్య డో మ్యా మాకు లపెట్ పెట్టింది. మనం కాచుకు తాగే తేయాకును వాళ్లు ఊరవేసి, వేయించిన పప్పులూ నువ్వులూ కలిపి తింటారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, తర్వాత పళ్లెం నా వైపే జరిగింది. ఊ టున్ గారి పులి కథలు బావ అరకొర బర్మా భాషలోంచి తెలుగులోకి దించుతుంటే విన్నాం. ఒక పులి రెండుసార్లు చచ్చిపోయింది.

చివరికి తుపాకి దింపాడు. మా ఇంటి తుపాకికి తోబుట్టువు. నేను పోలయ్య గుండు గర్వంగా అందించాను. మందు పోయకుండా ముందు గుండు దూర్చి చూస్తానని మూతిలో పెట్టాడు. బొటనవేలంత దిగి బిగుసుకుపోయింది. కడ్డీతో పొడిచినా ముందుకు పోదు, వెనక్కి రాదు. ముసలాయన మొహం ఎర్రబడింది. చాలాసేపు ఏదో అరిచాడు.

"ఏమంటున్నాడు బావా?"

"కూసింత కష్టంగా ఉందంటన్నాడు."

మేకు దూర్చి, మెలిపెట్టి, పెకలించి తీసేటప్పటికి ఆయనకు చెమటలు పట్టాయి. పోలయ్య పోత నా కొలతకు సరిగ్గా సరిపోయింది. ఆ కొలతకు చేసిన గుండు మూతిలోంచి కిందికి దిగదు, అంతే! నాకు తల తిరిగిపోయింది. చిన్నదయితే ఊగుతుంది, సరిపోతే దిగదు. ఇంక ఇలాంటి తుపాకిని పల్టనువాళ్లు ఎలా పేల్చారు? పసుపుగుడ్డ విప్పి మద్రాసు గుండు ఆయన ముందు కొట్టినట్టే పెట్టాను.

ఊ టున్ దాన్ని మూతిలో వేశాడు. గలగలమంది. వంచి బయటికి తీసి, అరచేతిలో తిప్పి చూసి, పకపకా నవ్వి భార్యను పిలిచాడు. బావ అయోమయంగా నా వైపు చూశాడు.

"దీని లుంగీ ఏదీ అంటన్నాడు బావా. మగోడు లుంగీ లేకుండా ఈదిలోకి ఎల్తాడా అంటన్నాడు."

డో మ్యా ఇంట్లో చుట్టలు చుట్టుకునే చాటలోంచి పల్చటి కాగితం చింపి, గుండుకు రెండు చుట్లు చుట్టి, తోక మెలేసి ఇచ్చింది. ఊ టున్ దాన్ని కరిగిన తేనె మైనంలో ముంచి ఆరనిచ్చాడు. మూతిలో పెట్టి వేలితో నొక్కితే, కొత్త గాజు చేతికెక్కినట్టు బిగుతుగా, మెత్తగా దిగింది. మందు పోసి, కూరి, పెరట్లో టేకు పలక మీద పేల్చాడు. నేను పరుగెత్తి చూశాను. చిల్లు రూపాయి బిళ్ల అంచులా గుండ్రంగా ఉంది.

గుండు ఎప్పుడూ చిన్నదిగానే పోస్తారట. కాగితమే ఆ సందు నింపి, గుండును గాడులకు అందిస్తుందట. బావ నోట ఆయన అడిగాడు: "మీ కొట్టువాడు బట్టలిప్పి పంపినాడా?"

మా పెరడు కళ్లకు కట్టింది. కర్రపుల్లతో కాగితం ఊడదీసి, చింతపండుతో గుండ్లు తోమి, మేం పాపం తాకకుండా ఉండాలని పసుపునీళ్లు చల్లే చిట్టెమ్మత్త కళ్లకు కట్టింది. ఆ రాత్రి సన్యాసి తుపాకిలో ఉన్న గుండు కూడా ఆవిడ తళతళా తోమినదే. ఇంత దూరం నేను తెచ్చుకున్న కోపం అంతా ఎక్కడ దించాలో తెలియలేదు. మద్రాసు కొట్టు మీదా? వాళ్లు కాగితం చుట్టే పంపారు. అద్దాల కొట్టు గుమాస్తా కాగితం ఎందుకు చింపావని అరిచాడు కూడా. ఆ కాగితం దేనికో వాడికీ తెలిసినట్టు లేదు. తెలిసినవాడెవడైనా పెట్టె మీద ఒక్క ముక్క రాసి ఉంటే గంగన్న బతికేవాడు గదా అని మాత్రం ఇప్పటికీ మండుతుంది.

"కాగితానికి ఆవు కొవ్వు రాయరా?" అని అడిగించాను.

ఆ సిపాయిల గొడవయ్యాక ఎవరు రాస్తారయ్యా, మైనమే అన్నాడు ఊ టున్. అడిగితే ఏ కొట్టువాడైనా చెప్పేవాడన్నాడు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు. తాత చెప్పాడు, మేం విన్నాం. ఆయన వేరే కాగితం తనే చుట్టుకునేవాడేమో, ఆ ముక్క మాత్రం మాదాకా రాలేదు.

"ఏటయింది బావా, మొగం అలాగైపోనాది?"

బావకు చెప్పాను. బోటాటౌంగ్ దగ్గర బస్సు దిగాక అన్నాడు: "సిట్టెమ్మత్తకి సెప్పీకు. మిమ్మల్ని సాకిన సెయ్యి అది."

ఇంటికి

పోలయ్య గుండ్లు పోలయ్యకే ఇచ్చేశాను. వలలకు పనికొస్తాయి. అతను నా మీద కోపగించుకున్నాడు, తన పోతలో తప్పు లేదన్నాడు. నిజమే, లేదు. డో మ్యా ఇచ్చిన పల్చటి కాగితం బొత్తి, మైనం ముద్ద తెచ్చుకున్నాను.

అత్త పెరట్లోనే నన్ను ఆపింది. మైనం వాసన చూసింది, కాగితం వాసన చూసింది.

"ఆవు లేదు గదరా?"

"తేనె మైనం అత్తా. నా కళ్లెదుట కరిగించారు."

ఇంట్లోకి రానిచ్చింది. సన్యాసి తుపాకి ముట్టుకోనన్నాడు. ఒక్కసారి పేల్చు, మళ్లీ అడగనన్నాను. గుండుకు కాగితం ఎలా చుట్టాలో చూపించాను. వాడు చుట్టాడు, కూరాడు. తోట గట్టు మీద పాత పలక నిలబెట్టాం. ఇలాంటి వాటికి కబురు పంపక్కర్లేదు, మునసబుతో సహా పదిమంది చేరారు. సన్యాసి చేతులు నిజంగానే వణుకుతున్నాయి. పేల్చాడు. పాత పొడుగు చిల్లు పక్కన గుండ్రటి చిల్లు పడింది, సరిగ్గా గురి పెట్టిన చోట.

వాడు వెళ్లి ఆ చిల్లులో వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు.

"అయితే ఆ రేతిరి నాను గురి తప్పలేదన్నమాట, అన్నయ్యా."

"తుపాకి బాగు సేయించినారన్నమాట" అన్నాడు మునసబు. ఇంతే అన్నాడు. రచ్చబండ దగ్గర నవ్వింది పదిమందిలో, ఇప్పుడు గొణిగింది గడ్డంలో. నేను ఊరుకోలేదు. అన్న మాటలు ఇక్కడ రాయను గానీ ఆయన రెండు రోజులు మా వీధిలోకి రాలేదు.

సన్యాసి పలక భుజాన పెట్టుకుని గంగన్న ఇంటికి పోయాడు. గంగన్న పెళ్లాం ముందు దాన్ని గోడకు ఆనించి, రెండు చిల్లులూ చూపించాడట. ఆవిడ పొడుగు చిల్లు మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చిందట. తర్వాత వాడికి మంచినీళ్లిచ్చిందట. వాడు ఇంటికొచ్చి, అన్నం దగ్గర తలెత్తి కూర్చున్నాడు.

వడ్డిస్తూ అత్త అడిగింది: "మరి తప్పెవులదిరా? ఆ గంగన్న ఉసురు ఎవులికి తగలాల?"

సన్యాసి నా వైపు చూశాడు. ఆ పూట గుండుకు కాగితం చుట్టింది వాడే. వాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. నేను నోరు తెరిచేలోగా వాడే అన్నాడు:

"ఆ మద్రాసు కొట్టోలదే అత్తా. సిన్న గుండ్లంపినారు."

అత్త గరిటె కింద పెట్టి, మద్రాసు ఉన్న దిక్కు తిరిగి, మెటికలు విరిచి, వాళ్ల ఏడు తరాలనూ తిట్టింది. మేమిద్దరం తల ఊపాం. నేను కూడా నాలుగు కలిపాను.

ఇది అచ్చులో చూసి మా ఊరివాళ్లు ఎవరైనా అత్తకు చదివి వినిపించాలని సరదా పడొచ్చు. ఆవిడకు చదువు రాదు, కథలంటే ఇష్టం. ఓడ సంగతి వినిపించండి, రిక్షావాడి పౌరుషం వినిపించండి, చుట్టలు కాల్చే ఆడవాళ్ల గురించి ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు వినిపించండి. మింగళాడోన్ దగ్గర మాత్రం రెండు పేజీలు ఒకేసారి తిప్పేయండి.